ఉక్కును పెళుసుబార్చే హైడ్రోజన్

రాయ్‌పూర్‌కు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారం భారతీయ రైల్వేలకు పట్టాలు తయారుచేస్తుంది. పట్టాల కోసం కరిగించిన ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించకూడదన్నది రైల్వే నిబంధన. అంటే టన్ను ఉక్కులో 1.6 గ్రాములు. ఇంత కొద్దిపాటి వాయువు గురించి అంత జాగ్రత్త ఎందుకు?

ఉక్కులోకి ఎలా చేరుతుంది?

కొలిమిలో వేసే సున్నం, ఇతర పదార్థాల్లోని తేమ వేడికి విడిపోయి, హైడ్రోజన్ ద్రవ ఉక్కులో కరుగుతుంది. తయారైన ఉక్కును ఆమ్లంతో శుభ్రం చేసినప్పుడు, విద్యుత్తుతో జింకు పూత వేసినప్పుడు, తేమ పట్టిన ఎలక్ట్రోడ్లతో వెల్డింగ్ చేసినప్పుడు, తుప్పు పట్టినప్పుడు కూడా అది లోపలికి చేరగలదు. హైడ్రోజన్ పరమాణువు చాలా చిన్నది కాబట్టి మామూలు ఉష్ణోగ్రతలోనే ఇనుప పరమాణువుల సందుల్లో కదలగలదు.

ఎలా పగులుతుంది?

ఉక్కు గడ్డకట్టి చల్లారేకొద్దీ హైడ్రోజన్‌ను ఇముడ్చుకునే శక్తి తగ్గిపోతుంది. మందమైన ముక్క త్వరగా చల్లారితే వాయువు బయటపడలేక లోపలి సూక్ష్మ ఖాళీల్లో చేరుతుంది. అక్కడ పరమాణువులు జంటకట్టి అణువులవుతాయి. వాటి ఒత్తిడికి లోపలే సన్నని పగుళ్లు ఏర్పడతాయి. రైళ్ల బరువు పదేపదే పడి అవి పెరిగితే పట్టా విరగవచ్చు.

అధిక బలం గల ఉక్కుకు మరో ప్రమాదం ఉంది. లాగుడు ఎక్కువగా ఉన్న పగులు కొన వైపు హైడ్రోజన్ చేరుతుంది. అక్కడ అది పరమాణు బంధాలను బలహీనపరుస్తుందని ఒక వివరణ, లోహం ఆ కొద్ది చోటే సాగి తెగేలా చేస్తుందని మరో వివరణ. మెత్తని ఉక్కు కాస్త సాగి ఒత్తిడిని తగ్గించుకుంటుంది, గట్టి ఉక్కు అలా సాగలేదు. అందుకే బలం పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది.

హైడ్రోజన్ పోగవడానికి సమయం పడుతుంది కాబట్టి ఉక్కు బిగించిన వెంటనే కాక, కొన్ని గంటలకో రోజులకో విరుగుతుంది. 2013లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జిపై బిగించిన 96 అధిక బలపు ఉక్కు కడ్డీల్లో 32 కొద్ది రోజుల్లోనే విరిగిపోయాయి.

నివారణ

ద్రవ ఉక్కును శూన్యంలో ఉంచి వాయువును లాగేస్తారు. మందమైన ముక్కలను నెమ్మదిగా చల్లారుస్తారు. పూత వేసిన అధిక బలపు బోల్టులను వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి వేడిచేస్తారు. అయితే అప్పటికే పడిన పగులును ఈ వేడి అతకదు. కాబట్టి హైడ్రోజన్‌ను ముందే బయటికి పంపాలి.