మద్యనిషేధము - ముంతలోని సున్నము

“తాగుడు చెడ్డదైనచో సర్కారువారు దానినేల మాన్పింపరండీ?” అని మా తరగతిలో నొక బాలుడడిగెను. మాన్పించిరి. ఒకసారి కాదు, రెండుసార్లు మాన్పించిరి. ఆ కథ మన కైకలూరి విద్యార్థులు తెలిసికొనదగినది.

1937వ సంవత్సరమున మదరాసు రాజధానిలో శ్రీ రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్యనిషేధ శాసనము గావించి, అక్టోబరు 1వ తేదిని సేలము జిల్లాలో దాని నమలుపరచెను. పిమ్మట చిత్తూరు, కడప జిల్లాలకును వ్యాపింపజేసిరి. కాని కల్లు, సారాయి పాటలవలన వచ్చు అబ్కారీ సొమ్ము ఖజానాకు పెద్ద యాధారము. ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను విధించిరి. అంగడిలో కొన్న సరకునకు పన్ను చెల్లించు నలవాటు కల్లుపాకలు మూయుటవలన వచ్చినదనిన మీరు నవ్వుదురేమో! యుద్ధకాలమున నిషేధమును నిలిపివేసిరి. పన్నును మాత్రము నిలుపలేదు. 1946లో కాంగ్రెసువారు మరల నారంభించి, 1948 నాటికి రాష్ట్రమంతట నమలు జరిపిరి. అప్పటికి కృష్ణాజిల్లాలోనున్న మన యూరును అందు చేరెను.

ఇక గీతపనివారి మాట. తాటిగెలను గీసి, లోపల సున్నము పూసిన ముంతను కట్టినచో రసము పులియక తీపిగా నుండును. దానిని కాచి బెల్లము చేయవచ్చును. సున్నము లేనిచో కొన్నిగంటలలోనే పులిసి కల్లగును. కావున ఒకే చెట్టు, ఒకే కత్తి, ఒకే మోకు. భేదమంతయు ముంతలోని సున్నమే. చెట్టుపైనున్న ముంతలో సున్నమున్నదో లేదో క్రిందనున్న జవానునకు కనబడునా? నేరము చేసినవాడును, చేయనివాడును ఒక్కతీరున బెదరవలసివచ్చెను. వారి పక్షమున శ్రీ గౌతు లచ్చన్నగారు పోరాడిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, నిషేధమును విచారించుటకు నియమింపబడిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయుమని సూచించెను. ప్రభుత్వ మందుల కంగీకరింపలేదు. తుదకు 1954 నవంబరులో ఈ విషయముపైననే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను.

రెండవ ప్రయత్నము పై నుండి వచ్చినది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడికి వచ్చిన స్త్రీలు తమ వాచకములో, ఆడువారందరును కూడి సారాయి దుకాణము మూయించిన పాఠమును చదివిరి. చదివి యూరకుండక, 1992లో తమయూరి దుకాణమును మూయించిరి. అటుపై జిల్లాలోని స్త్రీలు సారాయి పాటలనే సాగనీయరైరి. ఉపాధ్యాయుడనగుటచే ఈ భాగము నాకు మిక్కిలి ప్రియము. పాఠ మింతగా ఫలించుట మేము తరచుగా చూడము. 1993 అక్టోబరున సారాయి నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో శ్రీ రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణనిషేధమును తెచ్చెను. రెండేండ్లు నిండినవో లేదో, పొరుగు రాష్ట్రముల దొంగసరకును, ఖజానా లోటును కారణములుగా జూపి, 1997లో దానిని సడలించిరి. 1939 నాటి లెక్కయే మరల వచ్చినది.

ఇది వివరించిన దినమున, గీతపనివాని కుమారుడొకడు వెనుకబల్లనుండి లేచి, “ఆ తాటిబెల్లమును ఎవరు కొనిరండీ?” అని యడిగెను. శాసనము వ్రాసినవారు మొదట వేసికొనవలసిన ప్రశ్న అదియే యని వానితో చెప్పితిని.