శ్రీరాంపురపు అగ్నియు సీసపు అక్షరములును

పఠింపవలసిన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము



యిర్మీయా చెప్పగా బారూకు సిరాతో వ్రాసిన గ్రంథపుచుట్టను యెహోయాకీము రాజు ఏమి చేసెనో మీరెరుగుదురు. అది చలికాలము. రాజు కుంపటియెదుట కూర్చుండెను. కొంతభాగము చదువబడగానే దానిని కోసి నిప్పులో వేయుచు, చుట్టనంతటిని కాల్చివేసెను. ఉన్నది ఆ ఒక్క ప్రతియే. ప్రవక్త మొదటినుండి మరల చెప్పవలసివచ్చెను, లేఖకుడు మొదటినుండి మరల వ్రాయవలసివచ్చెను.

చేతివ్రాతకు గల కష్టమంతయు ఈ ఒక్క సంగతిలో కనబడుచున్నది. మన పూర్వులును తాటాకుపై గంటముతో గీచి, మసి పూసి, నెలల తరబడి ఒక్కొక్క గ్రంథమును సిద్ధపరచిరి. దానిని చెదలు తినవచ్చును, తేమ పాడుచేయవచ్చును. రెండవ ప్రతి కావలెనన్న ఆకు మొదలుకొని పని మరల ఆరంభము. వ్రాయువాడు అలసినచోట తప్పు దొరలును. ఆ తప్పును చూచి వ్రాసినవాడు మరియొకటి చేర్చును.

ఈ కష్టమును తీర్చినది అచ్చు. అచ్చనగానే మనకు పెద్ద యంత్రము తలపునకు వచ్చును గాని, అసలు మర్మము యంత్రములో లేదు, అక్షరములో ఉన్నది. చీనా దేశస్థులు పుటనంతటిని చెక్కపలకపై చెక్కి ముద్రించిరి. అట్లు 868లో ముద్రింపబడిన బౌద్ధగ్రంథ మొకటి నేటికిని నిలిచియున్నది. 1040 ప్రాంతమున బీ షెంగ్ అనునతడు బంకమట్టితో విడివిడి అక్షరములు చేసి కాల్చెను. కొరియాలో 1377 నాటికే లోహపు అక్షరములతో పుస్తకము వెలువడెను. జర్మనీలోని మైంజు పట్టణమున గూటెన్‌బర్గు 1455 నాటికి లతీను బైబిలును అచ్చువేసి ముగించెను. ప్రతులు సుమారు 180.

ఆయన పద్ధతిని కొంచెము నిదానముగా చూతము, ఏలయనగా ఇకముందు చెప్పబోవు సంగతి దానిపైననే ఆధారపడియున్నది. ఒక ఉక్కుకడ్డీ కొనయందు అక్షరమును తలక్రిందులుగా కాదు, అద్దములో కనబడునట్లు ఎదురుగా చెక్కుదురు. ఆ ఉక్కును కాల్చి గట్టిపరచి, రాగిబిళ్లపై ఉంచి సమ్మెటతో కొట్టుదురు. రాగిలో అక్షరము గుంటగా పడును. ఆ రాగిబిళ్లను ఒక మూసకు అడుగున అమర్చి, కరగిన సీసమును పోయుదురు. చల్లారగానే సీసపు అక్షరము చేతికి వచ్చును. సీసము త్వరగా కరగును గాని మెత్తనిది; కనుక తగరమును, గట్టిదనముకొరకు అంటిమొనియును కలుపుదురు. ఈ సీసపు అక్షరములను వరుసగా కూర్చి, సిరా అద్ది, కాగితము వేసి నొక్కినప్పుడు పుట వచ్చును. కావలసినన్ని ప్రతులు తీసిన పిమ్మట అక్షరములను విడదీసి, వేరొక పుటకు కూర్చుదురు. అవి అరిగిపోయిన యెడల కరగించి మరల పోతపోయుదురు. ఉక్కును రాగియు ఉన్నంతకాలము సీసమునకు కొదువలేదు.

యోబు తన మాటలు ఇనుపగంటముతోను సీసముతోను బండమీద చెక్కబడవలెనని కోరెను (యోబు 19:23, 24). ఆయన అచ్చును గూర్చి పలికెనని చెప్పుట సరికాదు. అయినను ఉక్కును సీసమును కలిసి మాటను నిలుపు విధము తెలిసిన తరువాత, ఆ వచనమును చదువునప్పుడెల్ల నాకు అచ్చుకూటమే జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఇంగ్లీషువారికి 26 అక్షరములు, వాటికి పెద్దవి చిన్నవి. మనకో? క మొదలుకొని క్ష వరకు ప్రతిదానికి గుణింతము, క్రింద ఒత్తులు, ప్రక్కన సున్న. తెలుగు పుట కూర్చుటకు వందలకొలది వేరు వేరు ముక్కలు కావలెను. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క ఉక్కుకడ్డీ చెక్కవలెను. అందుచేతనే మన భాషకు అచ్చు ఆలస్యముగా వచ్చెను. మద్రాసులో పనిచేసిన బెంజమిను షుల్జు 1727లో క్రొత్త నిబంధనను, 1732లో పాత నిబంధనను తెలుగు చేసి ముగించెను. జర్మనీకి తిరిగి వెళ్లి, 1746, 1747 సంవత్సరములలో హాలె పట్టణమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే మిగిలిపోయెను. చేసిన ప్రయాస అంతయు పెట్టెలో ఉండిపోయెనుగదా అని తలంచినప్పుడు మనస్సు చివుక్కుమనును.

ఇప్పుడు బెంగాలు దేశమునకు పోవుదము. కలకత్తాకు ఎగువను, హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపురము కలదు. అది అప్పుడు డేనిషువారి పాలనలో ఉండెను. 1800లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అను ముగ్గురు అక్కడ అచ్చుకూటము పెట్టిరి. వీరిలో వార్డు వృత్తిచేత అచ్చుపనివాడు. అక్షరములు చెక్కినవాడు మాత్రము బెంగాలీ కమ్మరి, పంచానన కర్మకారుడు. 1778లో హుగ్లీలో వెలువడిన బెంగాలీ వ్యాకరణమునకు విల్కిన్సు దొరతో కూడ అక్షరములు సిద్ధపరచినవా డితడే. అతని తరువాత అల్లుడు మనోహరుడు ఆ పనిని అనేక సంవత్సరములు సాగించెను. అనువాదకుల పేరులు మనము తరచుగా తలచుకొందుము; దీపపు వెలుతురున ఉక్కుపై ఒత్తులు చెక్కిన ఈ మామా అల్లుళ్లను తలచువారు అరుదు.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున ఆ అచ్చుకూటమున నిప్పంటుకొనెను. వార్డు తలుపులు కిటికీలు మూయించి, పైకప్పునుండి గంటలకొలది నీరు పోయించెను. నిప్పు అణగుచుండగా ఎవరో ఆత్రముతో కిటికీలు తెరచిరి. గాలి సోకెను, మంట లేచెను. నడిరేయికి కప్పు కూలెను. ఒక్క ప్రాణమైనను పోలేదు. అయితే కాగితము, అచ్చైన పుటలు, తూర్పుదేశపు అనేక భాషల సీసపు అక్షరములు నాశనమాయెను. కేరీ ఆ సమయమున కలకత్తాలో ఉండెను. మార్ష్‌మన్ మరునాడు వెళ్లి ఆయనకు తెలియజేసెను. కేరీ వ్రాసిన బహుభాషా నిఘంటువు కాలిపోయెను. మనకు సంబంధించిన నష్టమొకటి కలదు: ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు పోయెను.

బూడిద చల్లారిన పిమ్మట వార్డు శిథిలములను త్రవ్వించెను. సీసము కరగి గడ్డలుగా పడియుండెను. కాని ఉక్కుకడ్డీలును రాగిబిళ్లలును చెడక దొరికెను! అచ్చుయంత్రములు ప్రక్కగదిలో నుండినందున నిలిచెను. ఆ సీసపు గడ్డలనే ఏరి, మరల కరగించి, రాత్రింబగళ్లు పోతపోసిరి. కొద్దివారములలోనే పుటలు తిరిగి వెలువడసాగెను. వ్రాతప్రతులకు మాత్రము అట్టి మూసలు లేవు. కేరీ బారూకువలె కూర్చుండి మరల వ్రాసెను. ఆయన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చాయెను. బహుభాషా నిఘంటువు మరల రానేలేదు.

అగ్ని లేచిన ఆ 1812లోనే శ్రీరాంపురమున మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చుపడెను. విశాఖపట్టణమున డెగ్రాంజి దొర, ఆనందరాయరు అను తెలుగు పండితుని సాయముతో చేసిన తర్జుమా అది. డెగ్రాంజి 1810లోనే మరణించెను. అచ్చైన పుటను ఆయన చూడలేదు.

తరువాత ఆవిరియంత్రములు, రాతి అచ్చు, ఆఫ్‌సెట్టు, చివరకు కంప్యూటరు వచ్చెను. నేడు సీసపు అక్షరములు ముద్రణాలయములలో అరుదు. మీ యింటనో, సంఘపెద్దల యింటనో తాతలనాటి బైబిలున్న యెడల, ఒక పుటను తీసి వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడుడి. పుట వెనుకప్రక్కను వ్రేలితో మెల్లగా తడవుడి. అది సీసపు అక్షరములతో అచ్చైనదైతే, ఒక్కొక్క అక్షరము నొక్కుకొనిన చోట చిన్న గరుకు వ్రేలికి తగులును.