అప్పు లేని రెండేళ్లు

ముదిగుబ్బ

చి.ల.సౌ. మనవరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

మొన్న మీ నాయన బెంగళూరు నుంచి ఫోను చేసి నీకు పదిలో మంచి మార్కులు వచ్చినాయని చెప్పినాడు. ఆ మాట వింటూనే మీ అవ్వ వీధిలో అందరికీ బెల్లం పంచి వచ్చింది. అదే ఫోనులో మీ నాయన ఇంకో మాట అన్నాడు. "పాపను పెద్ద కాలేజీలో చేర్పించాలనుకుంటున్నాం. రెండేళ్లకు మూడు లక్షలు అవుతుందంట. చెరువు కింది ఎకరా తాకట్టు పెడదామా?" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో ఇన్ని మాటలు కుదరవు. అందుకే రాస్తున్నాను.

చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. నువ్వు ముదిగుబ్బకు రా తల్లీ. మా దగ్గరుండి ఇక్కడి సర్కారు జూనియర్ కాలేజీలో ఇంటర్ చదువుకో. ఇది పిసినారితనంతో చెబుతున్న మాట కాదు. అప్పు లేని చదువుకు ఒక బలం ఉంది. ఆ బలం ఏమిటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మీ చిన్నాయనను దూరాన ఒక హాస్టల్ కాలేజీలో చేర్పించిన సంగతి నీకు తెలుసు. ఎంపీసీ గ్రూపు. శెనక్కాయ మీద తెచ్చిన బ్యాంకు అప్పు చాలక, వడ్డీకి కూడా తెచ్చి కట్టినాను. నెలకోసారి ఆదివారం పిల్లలను చూడనిచ్చేవాళ్లు. ఒక ఆదివారం మీ అవ్వ చేసిన ఓళిగలు డబ్బాలో పెట్టుకుని పోయినాను. గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. వాడు ఓళిగ చేతిలో పట్టుకుని, తినకుండా అంచులు తుంచుతా, "నాయనా, ఇప్పటికి ఎంత కట్టినావు?" అని అడిగినాడు. నేను లెక్క చెప్పినాను. వాడు తల వంచుకుని ఓళిగ తినేసినాడు. ఇంకేం మాట్లాడలేదు.

పన్నెండేళ్లు గడిచి, వాడికి పెండ్లి కూడా అయినాక ఒక రాత్రి చెప్పినాడు. ఆ రోజు, "నాకు లెక్కలు ఎక్కడం లేదు, గ్రూపు మార్చుకుంటాను" అని చెప్పడానికే నోరు తెరిచినాడంట. నేను చెప్పిన అంకె విని నోరు మూసుకున్నాడంట. వాడికి ఇష్టం చరిత్ర. ఇంజనీరింగులో చేరి రెండో ఏడు మానేసినాడు. నేను ఆ కాలేజీని తప్పు పట్టను. బిడ్డ నోటికి తాళం వేసింది నేను తెచ్చిన అప్పు.

మన మెట్ట సేద్యంలో ఇది తెలియనిదేం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. అప్పు లేని రైతు జూన్, జూలైలో వాన తప్పితే ఆగుతాడు. ఆగస్టులో పదును దొరికితే ఉలవలో, అలసందలో, కొర్రలో చల్లుకుంటాడు. వడ్డీ నెత్తిన ఉన్నవాడు ఆగలేడు. అదను తప్పిందని తెలిసినా శెనక్కాయే వేస్తాడు. చదువైనా అంతే. పదిహేనేళ్ల పిల్లకు తనకు ఏది సరిపోతుందో ఒక్క రోజులో తెలియదు. తెలుసుకోవడానికి రెండేళ్లు కావాలి. తప్పనిపిస్తే దారి మార్చుకునే వీలు కావాలి. అప్పు ఆ వీలును ముందే తినేస్తుంది.

ఇప్పటి ఈ రెండేళ్ల ఇంటర్ మా కాలంలోనే మొదలైంది. 1969లో పీయూసీ తీసేసి ఇంటర్ పెట్టినారు. ఇంటర్ బోర్డు 1971లో వచ్చింది. ఇంటర్ పెట్టిన తొలి ఏడే నేను అందులో చేరినాను. దానికోసం ఊరు విడిచి అనంతపురం పోవలసి వచ్చింది. మీటర్ గేజి బండిలో ధర్మవరం దాకా పోయి, అక్కడ దిగి ఇంకో బండి పట్టుకునేవాణ్ని. చంకలో రాగిపిండి మూట, ఊరిబిండి డబ్బా. అనంతపురంలో 1916లో దత్తమండలాల కాలేజీగా మొదలైనదే ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ. రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారు చదివింది అక్కడే. నేను ఇంటర్‌లో చేరినప్పుడు, నాతో పది చదివిన ఆడపిల్లల్లో ఒక్కరు కూడా అనంతపురం రాలేకపోయినారు. కాలేజీ ఇంటికి దూరంగా ఉంటే ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే తల్లీ. ఇప్పుడు కాలేజీ మన మండలంలోనే ఉంది. దాని విలువ నీకంటే మీ అవ్వకు బాగా తెలుసు. ఆమెను పద్నాలుగేళ్లకే నాకిచ్చి పెండ్లి చేసినారు.

సౌకర్యాలు కూడా మెరుగైనాయి. సర్కారు జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి 4 నుంచి మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. కోనసీమలో ఆకలన్నవారికి అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టినారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే నీ తోటిపిల్లలకు ఇది పెద్ద ఊరట. 2025-26లో ఎంబైపీసీ అని కొత్త గ్రూపు కూడా తెచ్చినారు. లెక్కలు, బయాలజీ రెండూ వదలకుండా చదవవచ్చు. ఇక్కడ చెబుతున్నారా లేదా అని చేరేటప్పుడే అడుగుదాం.

దగ్గరి కాలేజీ అంటే తక్కువ చదువని ఎవరైనా అంటే నొచ్చుకోవద్దు. అమెరికాలో షికాగో దగ్గర జోలియట్ అనే ఊరుంది. 1901లో అక్కడి హైస్కూలులోనే ఆరుగురు పిల్లలతో రెండేళ్ల కాలేజీ మొదలుపెట్టినారు. ఇంటి దగ్గర రెండేళ్లు చదివి, తర్వాత పెద్ద యూనివర్సిటీకి పోవడానికి అది దారి. ఈ రోజు ఆ దేశమంతటా అలాంటి కాలేజీలున్నాయి. మెట్టు ఇంటి ముందర ఉన్నంత మాత్రాన ఎత్తు తగ్గదు.

మంచి ఒక్కటే చెబితే నిన్ను మోసం చేసినట్టు అవుతుంది. సర్కారు కాలేజీలో నిన్ను తరిమి చదివించేవాళ్లు ఉండరు. ఒక్కోసారి ఒక సబ్జెక్టుకు లెక్చరర్ ఉండరు. అప్పుడు చెట్టు కింద కబుర్లతో పొద్దు పుచ్చవద్దు. నలుగురు పిల్లలు కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరకు పోయి, ఎప్పుడు వస్తారని మర్యాదగా అడగండి. రాకపోతే మళ్లీ పోయి అడగండి. ఉన్న లెక్చరర్లలో పోటీ పరీక్షలు నెగ్గి వచ్చినవాళ్లు ఉంటారు. అర్థం కానిది పట్టుకుని అడిగే పిల్ల కనపడితే వాళ్లకు సంతోషం.

ల్యాబులో రికార్డు చూసి రాసుకోవద్దు. బ్యూరెట్ నీ చేత్తో పట్టుకో. కింద సీసాలో నీళ్లు రంగు లేకుండా ఉన్నంతసేపూ చుక్క తర్వాత చుక్క వదులు. లేత గులాబీ రంగు తిరిగిన ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. అది పుస్తకం చెబితే రాదు, పదిసార్లు చేస్తే వేళ్లకే వస్తుంది. ఇంగ్లీషుకు భయపడవద్దు. రోజూ సాయంత్రం పేపరు నాకు గట్టిగా చదివి వినిపించు. నా కళ్లకు కూడా సాయం చేసినట్టు ఉంటుంది. సీనియర్లు పాత పుస్తకాలు అమ్ముతారు, అవి కొందాం. ఈఏపీసెట్‌కు చదవాలంటే మొదటి ఏడు నుంచే రోజుకో గంట పక్కన పెట్టు. ఐఐటీకే పోవాలని నీలో గట్టి పట్టుదల ఉంటే దానికి కోచింగ్ వేరే కావాలి, అది కాదనను. అయితే ఆ పట్టుదల నీదా, పక్కింటివాళ్లదా అని ఒక్కసారి నిన్ను నువ్వు అడుగు.

ఇంకొక మాట. ఆడపిల్ల ఊళ్లో ఉంటే సంబంధాలు వస్తాయి. రెండో ఏడు పరీక్షల ముందే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. నేను బతికుండగా ఈ ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వను. ఇది మీ అవ్వ మాట కూడా. నీ బల్ల, నీ దీపం, వసారాలో కిటికీ పక్కన సిద్ధం చేయమని ఆమే చెప్పింది.

ఎకరా కాగితాలు పెట్టెలోనే ఉన్నాయి. వాటిని నీ కోసం తీయనని కాదు. రెండేళ్ల తర్వాత నీకు ఏం చదవాలో తెలిసి, నువ్వే వచ్చి అడిగితే అప్పుడు తీద్దాం. ఈ లోపల చేరిన గ్రూపు నచ్చకపోయినా, ముదిగుబ్బే నచ్చకపోయినా వెంటనే వచ్చి నాతో చెప్పు. ఎంత ఖర్చయిందని మాత్రం ముందు అడగవద్దు తల్లీ.

ఇట్లు,
మీ తాత