కంప్యూటరు ఆగినా గడువు ఆగదు

ఓడ రేవులో ఉంది. సరుకు గోడౌనులో ఉంది. లారీలు గేటు దగ్గర బారులు తీరాయి. కస్టమ్సు కంప్యూటరు మాత్రం పలకడం లేదు. ఎగుమతి దిగుమతులు చేసే ప్రతి వర్తకుడికీ ఇటువంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఆ రోజున మార్గం వెతకడమంటే ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమే. ముందుగా ఏమి సిద్ధం చేసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

పూర్వం బిల్లు కాగితం మీద రాసి, కస్టమ్సు కౌంటరులో ఇచ్చి, ముద్ర వేయించుకునేవారు. 1995లో ఢిల్లీలో మొదలైన కస్టమ్సు కంప్యూటరు విధానం క్రమంగా ముఖ్యమైన రేవులకు, లోతట్టు కంటెయినర్ డిపోలకు విస్తరించింది. నేడు విజయవాడలో కూర్చుని కాకినాడ నుంచి పోయే బియ్యానికి, విశాఖపట్నం నుంచి పోయే రొయ్యకు, మర్రిపాలెం డిపోకు చేరిన కంటెయినరుకు "ఐస్‌గేట్" ద్వారా బిల్లు దాఖలు చేయవచ్చు. సౌకర్యం పెరిగింది. దానితోపాటు ఆధారపడటమూ పెరిగింది.

ఆగింది ఏది?

"సిస్టమ్ డౌన్" అన్న మాట వినగానే చేతులు కట్టుకుని కూర్చోరాదు. ఆగినది ఏదో ముందు తేల్చుకోవాలి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు.

మొదటిది, మన ఆఫీసులోనే కరెంటు, ఇంటర్నెట్ పోవడం. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగింది. అటువంటప్పుడు ఢిల్లీలోని కంప్యూటరు బాగానే ఉంటుంది. పని చేయనిది మనది. రేవు ఊరిలో ఉన్న బ్రోకరు వద్ద మన కాగితాల పూర్తి సెట్టు ఉంటే పని ఆగదు.

రెండవది, ఐస్‌గేట్ పోర్టల్ ఆగిపోయి, కస్టమ్సు లోపలి కంప్యూటరు నడుస్తూ ఉండటం. అప్పుడు కస్టమ్సు సర్వీసు సెంటరులో కాగితాలు ఇచ్చి వివరాలు ఎక్కించుకోవచ్చు.

మూడవది, సుంకం చెల్లింపు ఆగిపోవడం. 2023 ఏప్రిల్ 1న ఎలక్ట్రానిక్ నగదు లెడ్జరు విధానం అమలులోకి వచ్చిన కొత్తలో దిగుమతిదారులు ఈ ఇబ్బంది పడ్డారు. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్సు బోర్డు ఆ జాప్యానికి వడ్డీ మాఫీ చేస్తూ ఉత్తర్వులు ఇచ్చింది.

నాలుగవది, రేవు టెర్మినల్ కంప్యూటరు ఆగిపోవడం. 2017 జూన్ 27న "పెట్యా" సైబరు దాడి ప్రపంచమంతటా జరిగినప్పుడు నవీ ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పని స్తంభించింది. ఇటువంటి సందర్భంలో కస్టమ్సు అనుమతి చేతిలో ఉన్నా కంటెయినరు కదలదు. షిప్పింగ్ లైనుతో మాట్లాడి టెర్మినల్‌గాని, ఓడగాని మార్చుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

అయిదవది, కస్టమ్సు కంప్యూటరే మొత్తంగా ఆగిపోవడం. దీనికి చట్టంలోనే దారి ఉంది. 1962 నాటి కస్టమ్సు చట్టం సెక్షన్ 46 దిగుమతి బిల్ ఆఫ్ ఎంట్రీకి, సెక్షన్ 50 ఎగుమతి షిప్పింగ్ బిల్లుకు సంబంధించినవి. కంప్యూటరు ద్వారా దాఖలు చేయడం సాధ్యం కానప్పుడు మరొక విధంగా దాఖలు చేయడానికి ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ అనుమతించవచ్చునని రెండింటిలోనూ ఉంది. అయితే ఇది అడిగి తెచ్చుకోవలసిన అనుమతి. కాగితం పట్టుకుని నేరుగా కౌంటరుకు పోతే చెల్లదు.

మూడు గడియారాలు

సరుకు ఆగిన రోజున వర్తకుడి మీద మూడు గడియారాలు నడుస్తూ ఉంటాయి.

ఒకటి కస్టమ్సు గడియారం. సాధారణంగా ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి 3 రోజులకు రోజుకు రూ. 5,000, ఆపైన రోజుకు రూ. 10,000 వంతున రుసుం పడుతుంది. 5 రోజులు ఆలస్యమైతే రూ. 35,000. తగిన కారణం ఉన్నదని అధికారి తృప్తి చెందితే ఈ రుసుం ఉండదు. సుంకం ఆలస్యానికి వడ్డీ సాలుకు 15 శాతం. అనగా రూ. 10 లక్షల సుంకానికి రోజుకు సుమారు రూ. 411.

రెండవది రేవు, షిప్పింగ్ లైనుల గడియారం. రేవు డెమరేజి, కంటెయినరు డిటెన్షన్ వారి వారి టారిఫ్, ఒప్పందాలను బట్టి నడుస్తాయి. ప్రభుత్వం వడ్డీ మాఫీ చేసినంత మాత్రాన ఇవి మాఫీ కావు. చాలామంది పొరబడేది ఇక్కడే. రోజుకు రూ. 411 వడ్డీ కోసం తిరిగినంత శ్రద్ధ డెమరేజి మీద పెట్టరు. దిగుమతి సరుకు త్వరగా విడుదల కాదని తెలిసినప్పుడు సెక్షన్ 49 కింద అనుమతి పొంది, ముందుగా 30 రోజుల వరకు దానిని వేర్‌హౌసులో ఉంచుకోవచ్చు. లెక్క వేసి ఏది చవకో చూసుకోవాలి.

మూడవది బ్యాంకు గడియారం. ఎల్.సి.లో రాసిన చివరి షిప్‌మెంటు తేదీ కంప్యూటరు ఆగినదని జరగదు. ఎల్.సి. గడువు తీరే తేదీ బ్యాంకు సెలవు నాడు పడితే మరుసటి పనిదినం వరకు పొడిగింపు ఉంటుంది. షిప్‌మెంటు తేదీకి ఆ పొడిగింపు కూడా లేదని అంతర్జాతీయ ఎల్.సి. నియమావళి స్పష్టంగా చెబుతోంది. కొనుగోలుదారుచేత ఎల్.సి. సవరింపజేయడం ఒక్కటే మార్గం.

అసలు దెబ్బ సుంకం మారిన నాడు

ఇంతవరకు చెప్పిన నష్టాలు వేలల్లో, మహా అయితే లక్షల్లో ఉంటాయి. సుంకం మారే రోజున కంప్యూటరు ఆగితే నష్టం అంతకు మించిపోతుంది.

బియ్యం సంగతి చూడండి. 2023 జూలై 20న బాసుమతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. అంతకు ముందే ఓడలోకి ఎత్తడం మొదలైన సరుకుకు మినహాయింపు ఇచ్చింది. షిప్పింగ్ బిల్లు దాఖలై, ఓడ రేవుకు చేరి, దానికి రొటేషన్ నంబరు కేటాయించి ఉన్నా మినహాయింపు లభించింది. అదే సంవత్సరం ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వచ్చింది. సెక్షన్ 16 ప్రకారం ఎగుమతి సుంకానికి లెక్క షిప్పింగ్ బిల్లు వేసిన తేదీ కాదు, అధికారి ఎగుమతికి ఉత్తరువు ఇచ్చిన తేదీ. టన్ను రూ. 35,000 వంతున 1,000 టన్నులు అనుకుంటే సుంకం రూ. 70 లక్షలు. ఉత్తరువు ఒక్క పూట ఆగితే ఇంత సొమ్ము ఇటునుంచి అటు అవుతుంది. ఆనాడు కస్టమ్సు రేవులలో ఉండి, ఉత్తరువు రాక ఆగిన సరుకుకు, ఆ తేదీకి ముందటి ఎల్.సి. ఉంటే మినహాయింపు ఇచ్చారు. కాగితం సరిగా ఉన్నవారికే అది అక్కరకు వచ్చింది.

నూనె వర్తకులదీ ఇదే పాఠం. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్ మీద మొత్తం దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. బిల్ ఆఫ్ ఎంట్రీ ముందుగా వేసినంత మాత్రాన పాత రేటు ఖాయం కాదు. ముందస్తు బిల్లుకు ఓడ ఎంట్రీ ఇన్‌వార్డ్ తేదీయే లెక్క అని సెక్షన్ 15 చెబుతోంది. ముందస్తు దాఖలు సిస్టమ్ ఆగడం నుంచి కాపాడుతుంది, రేటు మారడం నుంచి కాపాడదు.

తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా ముఖ్యమే. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం విధించిన నోటిఫికేషన్ రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు గెజిట్‌లోకి ఎక్కింది. అదే రోజు అంతకు ముందే దాఖలైన బిల్లులకు ఆ సుంకం వర్తించదని 2020 సెప్టెంబరు 23న జి.ఎస్. ఛత్తా రైస్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రొయ్య ఎగుమతిదారులకు ఇది 2025లో అనుభవానికి వచ్చింది. ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి పెంచింది. అక్కడి కాలమానం ప్రకారం ఆ రోజు 12 గంటల 1 నిమిషానికి ముందే ఓడకెక్కి, సెప్టెంబరు 17కు ముందు అక్కడ క్లియరైన సరుకుకు పెంపు నుంచి మినహాయింపు ఉంది. మన గడియారంలో ఆ క్షణం ఉదయం 9 గంటల 31 నిమిషాలు. కైకలూరు చెరువులో పట్టిన రొయ్య ధర ఓడకెక్కిన నిమిషం మీద ఆధారపడిందన్నమాట.

చేయవలసినవి

1. చివరి రోజు వరకు ఆగవద్దు. బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ వస్తుందనుకునే తేదీకి 30 రోజుల ముందు నుంచి వేయవచ్చు. షిప్పింగ్ బిల్లుకు కనీసం రెండు రోజుల వెసులుబాటు పెట్టుకోండి.

2. నగదు లెడ్జరులో రాబోయే సుంకానికి సరిపడా సొమ్ము ముందే జమ చేయండి.

3. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎల్.సి., ఆరోగ్య ధ్రువపత్రాలు రెండు సెట్లు కాగితం మీద ఉంచండి. ఒకటి మీ వద్ద, ఒకటి రేవులో బ్రోకరు వద్ద. డిజిటల్ సంతకం ఒక్కరి పేరనే ఉంటే రెండో మనిషికి కూడా ఏర్పాటు చేయండి.

4. సిస్టమ్ ఆగిన వెంటనే తెర మీది సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీయండి. ఐస్‌గేట్ సహాయ కేంద్రానికి ఫిర్యాదు పంపి నంబరు తీసుకోండి. అదే గంటలో కస్టమ్సు అసిస్టెంట్ లేదా డిప్యూటీ కమిషనర్‌కు లేఖ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. "తగిన కారణం" అని రేపు చూపించగలిగేది ఈ కాగితమే.

5. కాగితపు బిల్లుకు అనుమతి వస్తే, సిస్టమ్ తిరిగి నడిచాక ఆ వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయో లేదో చూసుకోండి. డ్రాబ్యాకు, ఐజీఎస్టీ వాపసు కంప్యూటరులోని వివరాలను బట్టే వస్తాయి. ఓడ పోయింది కదా అని మరచిపోతే ఆ సొమ్ము నెలల తరబడి ఇరుక్కుపోతుంది.

6. రొయ్య వంటి శీతల సరుకును క్లియరెన్సు ఖాయమయ్యే వరకు ప్లాంటు కోల్డ్ స్టోరేజి నుంచి కదల్చకపోవడం మేలు. గేటు బయట నిలిచిన రీఫర్ లారీకి గంట గంటకూ ఖర్చే.

7. సిస్టమ్ ఆగితే డెమరేజి ఎవరు భరించాలో అమ్మకపు ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించండి. ఆ వాక్యం లేనిచోట భారం చివరకు బలహీనుడి మీద పడుతుంది. మన బజారులో అది తరచు మిల్లరో, చిన్న కమీషన్ వ్యాపారో అవుతాడు.

ఈ ఏడింటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. వచ్చే కన్‌సైన్‌మెంటుకు ముందు ఒక సాయంకాలం బ్రోకరుతో కూర్చుని ఈ పట్టిక సరిచూసుకుంటే చాలు. కంప్యూటరును నడిపించడం వర్తకుని చేతిలో లేదు. అది ఆగిన గంట ఏదో, ఆ గంటలో తాను ఏమి చేశాడో రుజువు చూపడం మాత్రం అతని చేతిలోనే ఉంది.