జ్ఞానదానము – సమానత్వము
(గిడుగు రామమూర్తి పంతులుగారి సవర పాఠశాలలు నేర్పే పాఠం)

దీపావళినాడు వర్తకుల ఇళ్లలో కొత్త ఖాతా పుస్తకాలకు శారదాపూజ జరుగుతుంది. ఐదు దినాలు గడిస్తే కార్తిక శుద్ధ పంచమి. శ్వేతాంబరులు దానిని జ్ఞానపంచమిగా పాటించి ఆగమ గ్రంథాలను పూజిస్తారు. దిగంబరులు జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు శ్రుతపంచమి జరుపుకుంటారు. పుస్తకానికి పీట వేసి, గంధాక్షతలతో అర్చించే సంప్రదాయం జైన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది.

అయితే ఒక సంగతి ఆలోచించవలసి ఉన్నది. పూజలో పెట్టిన ఆ ఖాతా పుస్తకంలో ఎందరివో పేర్లు ఉంటాయి. బాకీదారులు, సరుకు తెచ్చేవారు, బస్తాలు మోసే కూలీలు. వారిలో తన పేరు ఏ పుటలో ఉన్నదో, దాని కెదురుగా ఎంత అంకె వేయబడినదో చదువుకోలేనివారు వెనుకటి కాలంలో ఎక్కువమంది. నేటికీ కొందరు ఉన్నారు. పుస్తకానికి జరిగే పూజలో వారికి భాగం ఉన్నదా, లేదా? ఈ ప్రశ్నకు గంజాం మండలంలోనే ఒక మహనీయుడు తన జీవితంతో సమాధానం చెప్పారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

శాస్త్రం ఏమి చెప్పినది?

పంతులుగారి కథకు ముందు జైనధర్మం ఈ విషయాన్ని ఎట్లు చూచినదో తెలుసుకొనడం మంచిది. ఆహారదానం, ఔషధదానం, అభయదానం, శాస్త్రదానం అని దానాలు నాలుగు. అన్నం ఒక పూట ఆకలి తీరుస్తుంది. ఔషధం ఒక రోగాన్ని పోగొడుతుంది. విద్య మాత్రం పుచ్చుకొన్నవానితోనే ఉండిపోతుంది. వానినుండి వాని బిడ్డలకు పోతుంది.

అష్టకర్మలలో మొదట లెక్కించేది జ్ఞానావరణీయ కర్మ. ఆత్మకు సహజమైన జ్ఞానాన్ని మేఘం సూర్యుని కప్పినట్లు కప్పివేసేది ఇది. ఈ కర్మ ఎట్లు అంటుకొనునో తత్త్వార్థసూత్రం వివరించినది. తెలిసిన దానిని దాచడం, ఇతరుల జ్ఞానాన్ని చూచి ఓర్వలేకపోవడం, నేర్చుకొనేవానికి ఆటంకం కలిగించడం ఇందుకు కారణాలు. అనగా ఒకని చదువుకు అడ్డుపడినవాడు, వానికి చేసిన కీడుకంటె ముందు తన ఆత్మకే తెర వేసుకొనుచున్నాడన్నమాట.

పుట్టుకనుబట్టి ఒకడు జ్ఞానానికి అనర్హుడనే మాట కూడ శాస్త్రానికి సమ్మతం కాదు. ఉత్తరాధ్యయన సూత్రంలో హరికేశబల ముని కథ ఉన్నది. ఆయన చండాల కులంలో పుట్టి, తపస్సుచేత పూజ్యుడైనాడు. మహావీరస్వామి పండితులకు మాత్రమే తెలిసిన సంస్కృతాన్ని విడిచి, జనులు మాట్లాడుకొనే అర్ధమాగధిలో ఉపదేశించారు. సమవసరణంలో కూర్చున్న ప్రతి జీవికీ స్వామి వాక్కు తన భాషలోనే వినిపించేదని పెద్దలు చెప్తారు. వినేవాని భాషలో చెప్పవలెననే ధర్మం ఇందులో స్పష్టంగా ఉన్నది.

కళింగదేశపు సంప్రదాయం

గంజాం ప్రాంతానికి ఈ విషయంలో పాత చరిత్ర కలదు. ఋషికుల్యా నది దగ్గర జౌగడలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధం తరువాత, జనులందరూ తనకు సంతానం వంటివారని ఆయన ఆ రాతిమీద చెక్కించాడు. అంతటితో ఊరుకొనక, తిష్యా నక్షత్ర దినాలలో దానిని జనానికి చదివి వినిపించవలెనని కూడ ఆజ్ఞాపించాడు. చదవలేనివారికి రాతిమీది ధర్మం అందదని ఆ చక్రవర్తికి తెలుసు.

భువనేశ్వరం దగ్గరి ఉదయగిరిలో జైనుడైన ఖారవేల మహారాజు చెక్కించిన హాథీగుంఫా శాసనం ఉన్నది. ఆయన బాల్యంలో లేఖనం, నాణెముల విద్య, గణితం, వ్యవహారం నేర్చుకొన్నట్లు అందులో వ్రాయబడినది. వ్రాత, లెక్క, నాణెం, వ్యవహారం అంటే వర్తకుని పిల్లవాడు దుకాణంలో నేర్చుకొనే విద్యలే. ఒకప్పుడు రాజకుమారునికి లభించిన విద్య సామాన్యునికి అందడానికి దాదాపు రెండువేల సంవత్సరాలు పట్టినది.

పర్లాకిమిడి పంతులుగారు

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. ఆ ఊరు అప్పటి గంజాం జిల్లాలోనిది. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకొన్నారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయన సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ అయిన వెంటనే, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. కుటుంబభారం మోస్తూనే ప్రైవేటుగా బి.ఏ. ప్యాసయ్యారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. చింతపండు, అడ్డాకులు, పసుపు, కొండచీపుళ్లు దించుకొని సంతకు వచ్చేవారు. ఉప్పు, బట్ట కొనుక్కొని పోయేవారు. వారి భాష తెలుగూ కాదు, ఒడియా కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. సంతలో బేరం చేసేవారికి ఆ భాష రాదు. కచేరీలో ఉద్యోగికీ రాదు. మధ్యలో దుబాసీ ఏది చెప్తే అదే ధర, అదే తీర్పు. పత్రంమీద వేలిముద్ర వేసిన సవరకు ఆ పత్రంలో ఏమున్నదో తెలిసే ఉపాయం లేదు.

పంతులుగారు దీనిని చూచి, జాలిపడి ఊరుకొనలేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకనిని ఇంట్లోనే పెట్టుకొని ఆ భాష నేర్చుకొన్నారు. కొండలకు పోయి వారి మాటలు, పాటలు, కథలు వ్రాసుకొన్నారు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. బడిపంతులు జీతమెంతో పాఠకులు ఊహించుకోగలరు. ఆ కొద్ది జీతంలోనుంచే ఈ ఖర్చంతా జరిగినది.

కొండలలో చలిజ్వరం జాస్తి. ఆ జ్వరానికి క్వినైను అధికంగా వాడినందువల్ల పంతులుగారి వినికిడి దెబ్బతిన్నది. ఇతరుల మాటను అంత శ్రద్ధగా విన్న చెవులు ఆ పనిలోనే పోయినవి. 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదునిచ్చినది. సవర భాషా సేవకు పారితోషికం ఇవ్వబోగా, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టించవలసిందని కోరారని చెప్తారు. ఆంగ్లంలో ఆయన వ్రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయినది. సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడ ఆ దశాబ్దంలోనే వెలువడినది. కుమారులు గిడుగు సీతాపతిగారు ఈ పనిలో తండ్రికి కుడిభుజమై నిలిచారు.

వాడుక తెలుగు కోసం పంతులుగారు చేసిన ఉద్యమం లోకానికంతకూ తెలుసు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. సవర బడి, వాడుక తెలుగు వేరు వేరు పనులు కావు. సవర పిల్లవానికి తెలుగు పాఠం ఎట్లు అర్థం కాలేదో, తెలుగు పిల్లవానికి కఠిన గ్రాంథికం అట్లే అర్థం కాలేదు. తెలియని భాషలో చెప్పిన చదువు కొద్దిమందికే దక్కుతుంది. తెలిసిన భాషలో చెప్పిన చదువు అందరిదీ అవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఐదున్నర దశాబ్దాలకు పైగా కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న స్వర్గస్థులైనారు. ఆ 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన జాతి భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని కల్పించాడు. తమ భాష వ్రాయదగినదనే విశ్వాసం ఆ జాతిలోనే మేల్కొన్నదనడానికి ఇది నిదర్శనం.

జైనకులంలో పుట్టిన కర్మవీరుడు

ఇటువంటి పని జైన కుటుంబంలో పుట్టిన ఒకరు మహారాష్ట్రలో పెద్ద ఎత్తున చేశారు. ఆయన భావురావ్ పాటిల్‌గారు. 1887లో కొల్హాపురం దగ్గరి కుంభోజ్ గ్రామంలో జన్మించారు. విద్యార్థిగా కొల్హాపురంలోని జైన వసతిగృహంలో ఉన్నప్పుడు, అస్పృశ్య విద్యార్థుల వసతిగృహ ప్రారంభోత్సవానికి వెళ్లి వచ్చి, మైల స్నానం చేయడానికి ఒప్పుకోలేదు. అందువల్ల ఆ వసతి పోగొట్టుకొన్నారు.

తరువాత దీపాలు, నాగళ్లు అమ్మే కంపెనీల తరఫున ఊరూరా తిరిగారు. ఆ తిరుగుడులో పల్లెల అజ్ఞానాన్ని కళ్లారా చూచారు. 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించారు. 1924లో సతారాలో అన్ని కులాల పిల్లలూ ఒకే కప్పు క్రింద ఉండి, ఒకే పంక్తిని భోజనం చేసే వసతిగృహం పెట్టారు. 1927లో గాంధీజీ దానికి ఛత్రపతి శాహు పేరు పెట్టారు. పిల్లలకు బియ్యం లేని రోజున భార్య లక్ష్మీబాయిగారు తమ నగలు అమ్మి అన్నం పెట్టారు. పిల్లలు పొలంలో పనిచేసి తమ చదువు ఖర్చు తామే సంపాదించుకొనే పద్ధతిని ఆయన నెలకొల్పారు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చినది. ఆ ఏడు మే 9న ఆయన పరమపదించారు.

పంతులుగారు పిల్లవాని భాషను గౌరవించారు. పాటిల్‌గారు పిల్లవానిని పంక్తిలో కూర్చోబెట్టారు. ఈ రెండూ కలిసినప్పుడే విద్య సమానత్వాన్ని ఇస్తుంది. అక్షరం నేర్పి, అరుగుమీదికి రానీయకపోతే అది సగం చదువే.

వర్తకునికి నష్టమా?

కొందరి మనస్సులో పైకి చెప్పని ఒక శంక ఉంటుంది. అందరూ చదువుకొంటే బస్తాలు మోసేదెవరు? బాకీదారుడు లెక్క నేర్చుకొంటే వ్యాపారమెట్లు సాగుతుంది?

ఒక లెక్క చూడవచ్చును. వెయ్యి రూపాయలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి వడ్డీ 240 రూపాయలు. మూడేళ్లకు బారువడ్డీ అయితే అసలుతో కలిపి 1,720 రూపాయలు. ఏటేటా అసలులో కలిపి చక్రవడ్డీ వేస్తే 1,906 రూపాయల 62 పైసలు. రెంటికీ తేడా 186 రూపాయల 62 పైసలు. చదువుకొన్నవాడు ఏ వడ్డీకి ఒప్పుకొంటున్నాడో తెలిసి సంతకం చేస్తాడు. చదువులేనివానికి ఆ తేడా ఎక్కడినుంచి వచ్చినదో తెలియదు. న్యాయంగా వేసిన లెక్కను కూడ వాడు మోసమనే అనుకొంటాడు. చదువులేనివాని అనుమానం నిజాయితీపరుడైన వర్తకునికే ఎక్కువ నష్టం. లెక్క చదవగలవాడు తగవు పెట్టుకోడు. పెట్టుకొన్నా కాగితం చూపి తీర్చవచ్చును.

ఇక ఒకరి అజ్ఞానంమీదనే వచ్చే లాభం ఉంటే, అది శ్రావకునికి తగినది కాదు. దొంగ పత్రం వ్రాయడం సత్యాణువ్రతానికి అతిచారమనీ, తక్కువ కొలతతో ఇచ్చి ఎక్కువ కొలతతో పుచ్చుకొనడం అచౌర్యాణువ్రతానికి అతిచారమనీ శాస్త్రం స్పష్టంగా చెప్పినది. ఎదుటివానికి చదువు వచ్చినప్పుడు పోయే లాభం ఏదైనా ఉంటే, అది మొదటినుంచీ వర్తకునిది కాదన్నమాట.

నేడు చేయవలసినది

బరంపురంలో విద్యకు పెద్దల ధనం తోడ్పడిన ఉదాహరణ కళ్లముందే ఉన్నది. 1878లో కళాశాల అయిన అక్కడి విద్యాలయం ఖళ్లికోట రాజావారి దానంతో వారి పేరు దాల్చినది. ఆ బరంపురంలో పుట్టి, అక్కడనే చదువుకొన్న వి.వి. గిరిగారు కార్మికుల పక్షాన నిలిచి, 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

నేడు చట్టాలు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1నుండి అమలులో ఉన్నది. ఆరునుండి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనడం నేరం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించడానికి రాష్ట్రాలు పాటుపడవలెనని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్పుచున్నది. ఒడిషాలో సవర మొదలైన గిరిజన భాషలలో తొలి తరగతులు చెప్పే పద్ధతి 2007 ప్రాంతంలో మొదలైనది. పంతులుగారు సొంత జీతంతో చేసిన పని, నూరేళ్ల తరువాత ప్రభుత్వ పని అయినది.

చట్టం బడి తలుపు తెరుస్తుంది. పిల్లవానిని అక్కడికి చేర్చి నిలబెట్టేది ఇరుగుపొరుగు మనుషులు. వర్తక కుటుంబాలకు సాధ్యమైన పనులు ఇవి:

1. దుకాణంలో, ఇంట్లో పనిచేసేవారి పిల్లలు బడికి పోవుచున్నారా అని కనుక్కోవలె. ఫీజు, పుస్తకాలు అడ్డమైతే తీర్చవలె. ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకుండ చూడవలె.

2. బాకీదారునికి లెక్క వాని భాషలో వ్రాసి చీటీ ఇవ్వవలె. చదవలేనివానికి నిదానంగా చదివి వినిపించవలె. సెల్‌ఫోనులో డబ్బు చెల్లించే ఈ రోజులలో ఈ సాయం మరింత అవసరం.

3. జ్ఞానపంచమినాడు గ్రంథపూజతోపాటు, కులభేదం లేకుండ ఒక్క విద్యార్థి సంవత్సరపు ఖర్చు భరించే నియమం పట్టవలె.

4. ఇచ్చినవారి పేరు పలకమీద చెక్కించడంకంటె, పుచ్చుకొన్న పిల్లవాడు తలవంచుకోకుండ ఉండేట్లు ఇవ్వడం మేలు.

పంతులుగారి వద్ద గిడ్డంగులు లేవు, రొక్కం లేదు. ఒక బడిపంతులు జీతం, పట్టుదల మాత్రమే ఉన్నవి. వాటితోనే ఒక జాతి భాషకు పుస్తకాలు కల్పించారు. అంతకంటె ఎన్నో రెట్లు కలిగినవారు ఆ పనిలో పదోవంతు చేసినా, దీపావళినాడు పీటమీద పెట్టిన పుస్తకానికి జరిగేది నిజమైన శారదాపూజ అవుతుంది. ఆ పుస్తకంలో పేరున్న ప్రతివాడూ తన పుట తానే చదువుకొన్ననాడు ఆ పూజ పూర్తి అవుతుంది.

జై జినేంద్ర.