గోష్ఠిగానము – ఆరోగ్యము

ధనుర్మాసము వచ్చినదనగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని వైష్ణవాలయములందు వేకువనే తిరుప్పావై గోష్ఠి ఆరంభమగును. చలికి దుప్పటి కప్పుకొని వచ్చిన వృద్ధుల కంఠములు మొదట జీరవోయి యుండును. నాలుగు పాశురములు గడచుసరికి అవియే విచ్చుకొని పలుకును. వేడి పొంగలి కొఱకు వచ్చిన బాలురు సైతము నెల తిరుగుసరికి 30 పాశురములలో సగమైనను నోటికి తెచ్చుకొందురు. ప్రసాదమునందలి ఆశ కూడ ఒక్కొక్కప్పుడు మంచి గురువే.

గోదాదేవి తన వ్రతమును ఒంటరిగా సాగింపలేదు. 6వ పాశురము మొదలు 15వ పాశురము వఱకు ఆమె చేయు పని యొక్కటే: ఇంటింటికి పోయి పదిమంది గోపికలను మేల్కొలుపుట. తాను మేల్కొనియున్నది కదా, నేరుగా స్వామి సన్నిధికి పోరాదా? భగవదనుభవము ఒంటరిగా అనుభవింపదగినది కాదని వ్యాఖ్యాతలు దీనికి సమాధానము చెప్పిరి. కలిసి పాడుట మనస్సుకే గాక దేహమునకు కూడ హితమని ఇటీవలి వైద్యపరిశీలనలు తెలుపుచున్నవి.

మిర్యాలగూడ ప్రాంతమున కృష్ణా, మూసీ నదుల సంగమస్థానమైన వాడపల్లిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. గర్భాలయమునందలి రెండు దీపములలో స్వామి ముఖమునకు సమీపముననున్నది ఆయన ఊపిరికి కదలుచుండునని, క్రిందిది నిశ్చలముగా నుండునని భక్తులు చెప్పుకొందురు. ఊపిరియే దైవసాన్నిధ్యమునకు గుర్తుగా నిలిచిన క్షేత్రమది. గానమునందలి ఆరోగ్యరహస్యము కూడ ఊపిరిలోనే యున్నది. పెద్దవారు సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు శ్వాసింతురు. పాడువారికి అట్లు సాగదు. పాదము ముగియువఱకు ఊపిరిని పొదుపుగా వాడి, పాదాంతమున తిరిగి గ్రహింపవలెను. అందుచే పూరకము పొట్టిదై రేచకము దీర్ఘమగును. రేచకము దీర్ఘమైనపుడు వేగస్ అను నాడి ప్రభావమున గుండె వేగము నెమ్మదించును. ఇటలీలోని పావియా నగర వైద్యులు 23 మందిచే లాటిన్ భాషలోని మేరీమాత జపమును, ఒక బౌద్ధమంత్రమును చేయించి 2001లో ఫలితములను ప్రకటించిరి. రెండింటియందును శ్వాస నిమిషమునకు సుమారు 6 పర్యాయములకు దిగినది. రక్తపోటును సరిదిద్దు శరీరవ్యవస్థ చుఱుకుగా పనిచేసినది. మతములు వేరు, భాషలు వేరు. ఊపిరి లెక్క మాత్రము ఒక్కటే.

స్వీడన్ దేశమున 2013లో వెలువడిన మఱొక పరిశీలనలో 18 ఏండ్ల వయస్సు గల 15 మందిచే కలిసి పాడించిరి. వారి గుండెల వేగము కలిసి హెచ్చి, కలిసి తగ్గినది. అందఱును ఒకేచోట ఊపిరి తీసికొనుటయే దీనికి హేతువు.

ఈ సీమవారికి ఇది కొత్త సంగతి కాదు. బతుకమ్మ పండుగ దినములలో స్త్రీలు వలయముగా తిరుగుచు, ఒకతె చరణము చెప్పగా తక్కినవారు చప్పట్లతో అందుకొందురు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద నాట్లు వేయువారు నడుము వంచినంతనే పాట నెత్తుకొనుట వాడుక. పాట ఆగినచో నడుము నొప్పి గుర్తునకు వచ్చునని వారెఱుగుదురు. కోదాడకు పొరుగుననున్న నేలకొండపల్లి కంచర్ల గోపన్న జన్మస్థలము. 17వ శతాబ్దమున గోల్కొండ చెఱసాలలో ఆ రామదాసు ఒంటరిగా మొఱపెట్టుకొన్న కీర్తనలను నేడు ఊరూర చిడతలతో, తాళములతో పదిమంది కలిసి పాడుచున్నారు. ఏకాకి ఆర్తి గోష్ఠికి సొత్తయినది.

అయితే అనేక స్థలములలో భజన జరుగవలసిన వేళను ధ్వనివర్ధకము ఆక్రమించినది. మీట నొక్కిన పాట వచ్చును. పాడువారు లేకపోయినను లోటు తెలియదు. శ్రవణము నవవిధభక్తులలో మొదటిదే, కాని కీర్తనమునకు బదులు కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక గానబృందమువారు ఒక వారము పాడిరి, మఱొక వారము అదే గానమును వినిరి. పాడిననాడు లాలాజలములోని ఇమ్యునోగ్లోబులిన్-ఏ అను రక్షకపదార్థము హెచ్చినది, విన్ననాడు హెచ్చలేదు. 2004లో ప్రకటితమైన ఈ పరిశీలన చిన్నది. దీనిని పట్టుకొని భజన చేయువారికి జలుబే రాదనుట అతిశయోక్తి యగును.

ఈ పట్టణములందు పిల్లలు హైదరాబాదునకో, విదేశములకో వెడలిపోగా వృద్ధులు మాత్రమే మిగిలిన గృహములు పెక్కు కలవు. మాత్రలు వేళకు అందును, మాటాడువారే యుండరు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతమున 60 ఏండ్లు దాటిన 258 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారిచే 14 వారములు వారమునకొకసారి కలిసి పాడించిరి. పాడినవారిలో దిగులు, ఆందోళన తగ్గినట్లు 2015లో ప్రకటించిరి. గోష్ఠిలో మఱొక మేలున్నది. అది రక్తపరీక్షలో తేలదు. రెండు దినములు రానివాని గుమ్మమున నిలిచి “ఏమండీ, ఒంట్లో బాగులేదా?” అని అడుగువారు ఉందురు.

జాగ్రత్తలు కూడ చెప్పవలసియున్నది. రక్తపోటు, మధుమేహము కలవారు భజనలో చేరితిమని మాత్రలు మానరాదు. జ్వరము, దగ్గు ఉన్నవారు ఆనాడు ఇంటనే నామస్మరణ చేసికొనుట మేలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 2020 మార్చి 10న ఒక గానబృందపు సాధనకు 61 మంది రాగా, 53 మందికి కోవిడ్ సోకినట్లు తేలినది; ఇద్దఱు మరణించిరి. గాలి ఆడని గదిలో కలిసి గ్రహించు ఊపిరి ఆపదకు కూడ త్రోవయగును. మన ఆలయముల తెఱపి మండపములు ఈ విషయమున అనుకూలములు.

భజన నెలకొల్పదలచినవారు శ్రుతిని తగ్గించి నిలుపవలెను. వృద్ధులకు, స్త్రీలకు, పిల్లలకు అందని శ్రుతిలో ఒక్కని విద్వత్తే వినబడును. ఒకరు చెప్పగా తక్కినవారు అందుకొను పద్ధతిలో చదువురానివారు కూడ తొలినాడే చేరగలరు. ఇరువది మందికి మైకు అక్కఱలేదు. ముగిసిన పిమ్మట ఆనాడు రానివారి యింటికి ప్రసాదము చేర్చు పనిని వంతులవారీగా ఒకరికి అప్పగింపవలెను.