బాదం పొడి కొనేముందు

అమ్ములూ,

కేకులకు ఏ కంపెనీ బాదం పొడి మంచిదని అడిగావు. పేరుకన్నా ముందు అది ఎప్పుడు ఆడించిందో చూడాలమ్మా. బాదంపప్పు బరువులో దాదాపు సగం నూనే. పప్పుగా ఉన్నంతకాలం ఆ నూనె లోపల భద్రంగా ఉంటుంది. పొడి అయ్యాక గాలి తగిలి త్వరగా చెడుతుంది. అందుకే తయారీ తేదీ లేని పొడి జోలికి పోకు. డబ్బాలోంచి తూచి ఇచ్చే విడిపొడి అసలే వద్దు. అందులో వేరుశనగ కలిపినా మనకు తెలియదు. నీ కేకు తినే పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదువు. పదార్థాల దగ్గర బాదం ఒక్కటే ఉండాలి. కొవ్వు 100 గ్రాములకు 50 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. బాగా తక్కువుంటే అది నూనె తీసేసిన పిండి. తడి ఎక్కువగా పీల్చేస్తుంది, మామూలు కొలతలతో చేస్తే కేకు ఎండిపోతుంది. ‘బ్లాంచ్డ్’ అంటే పొట్టు తీసినది. మకరాన్లకు అదే కావాలి, అదీ మెత్తగా జల్లించినది. బ్రౌనీలకు, కుకీలకు పొట్టుతో ఆడించినదైనా చక్కగా సరిపోతుంది.

విప్పగానే వాసన చూడు, చిటికెడు నోట్లో వేసుకో. కమ్మగా, కాస్త తియ్యగా ఉండాలి. పాతనూనె వాసన వచ్చినా, చేదు తగిలినా మొహమాటపడకుండా తిరిగిచ్చెయ్. ఆ వాసన ఓవెన్ వేడికి పోదు, వెనిల్లా ఎంత పోసినా దాగదు.

నేనైతే మకరాన్లకు తప్ప పొడి కొనను. బేగంబజార్‌లో పప్పు కొని ఇంట్లోనే ఆడిస్తాను. అక్కడ మామ్రా బాదం చూపిస్తారు. అది నానబెట్టుకుని తినడానికి బాగుంటుంది కానీ, ధర ఎక్కువ, నూనె ఎక్కువ, మిక్సీలో త్వరగా ముద్దవుతుంది. నువ్వు కాలిఫోర్నియా బాదం తీసుకో. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి చన్నీళ్ళలో వేస్తే, వేళ్ళతో నొక్కగానే పొట్టు ఊడొస్తుంది. ఇక్కడే తొందరపడకూడదు. రాత్రంతా ఫ్యాను కింద ఆరనిచ్చి, ఓవెన్లో సన్నని వేడి మీద కాసేపు ఉంచి, పూర్తిగా చల్లార్చు. తడి మిగిలితే పొడి కాదు. మిక్సీ ఆపి ఆపి తిప్పు. కేకు కోసం తీసిన పంచదారలోంచే రెండు చెంచాలు వేస్తే ముద్ద కట్టదు. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్ళీ వెయ్యి.

బాదంలో గ్లూటెన్ లేదు గనుక మైదాకు బదులు అంతే కొలత వేస్తే కేకు నిలబడదు. గుడ్లే నిలబెట్టాలి. అందుకే మొదటిసారి క్లాడియా రోడెన్ 1968 నాటి మధ్యప్రాచ్య వంటల పుస్తకంలో ఇచ్చిన నారింజ కేకు చెయ్యి. రెండు నారింజలను తొక్కతోనే మెత్తగా ఉడికించి, గింజలు తీసి రుబ్బాలి. అందులో ఆరు గుడ్లు, 250 గ్రాముల బాదం పొడి, అంతే పంచదార, చెంచాడు బేకింగ్ పౌడర్. మైదా లేదు, వెన్న లేదు. పొడి కాస్త బరకగా ఉన్నా ఫరవాలేదు, పాతది మాత్రం కాకూడదు.

చవకని కిలో ప్యాకెట్ తెచ్చుకోకు. ఈ కేకుకు పావుకిలో చాలు. మిగిలితే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టు. కేకు ఎలా వచ్చిందో రాయి.

మీ అత్తయ్య